516001 ప్రైమ్ నంబరేనా?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఒక తండ్రి ఫోన్ చేశారు. "ఏం మేడమ్, పోర్షన్ అయిపోయిందా? మావోడు రాత్రి పదయినా పిన్ కోడ్‌ని భాగిస్తా కూచున్నాడు!" పోర్షన్ అవలేదు. భాగిస్తున్న మాట మాత్రం నిజం.

తొమ్మిదో తరగతిలో లీవ్ లెటర్ రాయిస్తుంటే, అడ్రసు దగ్గర ఆగి ఒక పాప అడిగింది: "మన కడప 516001 ప్రైమ్ నంబరేనా మేడమ్?" అంటే 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగించలేని ప్రధాన సంఖ్యేనా అని. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది, ఉత్తరం దారి తప్పకుండా. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారు సంస్కృత కవి కూడా. ఎవరైనా దీన్ని భాగిస్తారని ఆయన అనుకుని ఉండరు.

చివర 1 ఉంది, 2, 5 పోయాయి. అంకెలు కూడితే 13, కాబట్టి 3 కూడా పోయింది. 7, 11, 13లకు ఒకటే దెబ్బ. ఆ మూడింటి లబ్ధం 1001 కదా, అందుకని మూడేసి అంకెలుగా విడగొట్టి తీసివేస్తే చాలు: 516లో 1 పోతే 515. దాన్ని ఆ మూడింట్లో ఏదీ భాగించదు. ఇక 17. పదిహేడు ముప్పై వేలు 510000, మిగిలింది 6001, అది 17 × 353. శేషం సున్నా! క్లాసంతా ఒకటే అరుపులు. పక్క గది టీచరు తలుపు దగ్గరికొచ్చి చూసి వెళ్లారు.

ఇక మిగిలిన భాగఫలం 30353. ఇక్కడ తప్పు నాది. 175 వర్గం 30625, అది 30353ని దాటిపోయింది, అంటే 174 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. నేను 113 దాకా వచ్చాను. అక్కణ్నుంచి 126 వరకు ఒక్క ప్రధాన సంఖ్యా లేదు. బెల్లు కొట్టే వేళయింది, ఓపిక అయిపోయి "ప్రైమ్" అని బోర్డు మీద రాసేశాను.

మరుసటి రోజు ప్రేయర్‌కి ముందే ఒక అబ్బాయి రఫ్ నోటుబుక్కు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. 127 × 239. నేనాగిన చోటికి తర్వాతి ప్రధాన సంఖ్యే! ఫోన్‌లో చూశావా అన్నాను. ఐదు పేజీల భాగహారాలు తిప్పి చూపించాడు, ప్రతి శేషానికీ పెన్సిల్‌తో సున్నా చుట్టి. లెక్కల్లో వాడి మార్కులు చెబితే మీరు నమ్మరు.

అంటే 516001 = 17 × 127 × 239. పదహారుకి ఒకటి ఎక్కువ 17, నూట ఇరవై ఎనిమిదికి ఒకటి తక్కువ 127. ఈ రెండూ 2 ఘాతాల పక్కింటివే. 239కి అలాంటి గొప్పేమీ దొరకలేదు.

డిసెంబర్ 22 రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. ఆ రోజుకి ప్రతి పిల్లా అమ్మమ్మ ఊరి పిన్ కోడ్ తెచ్చి, కారణాంకాలు కట్టాలి. దయచేసి మీరు కాలిక్యులేటర్ తీయొద్దు. ప్రొద్దుటూరు వాళ్లకు పండగే: 516360, సున్నాతోనే సగం పని అయిపోతుంది.

బోర్డు మీది నా తప్పును చెరపనివ్వలేదు. పక్కనే ఆ అబ్బాయి వంకర చేతిరాత ఉంది. శనివారం మీటింగ్‌కి వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి గదిలోకి తొంగి చూడండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు