బాపు మందుల డబ్బా, మాలిందీ మనుషులు, నైరోబీ అక్క: కృతజ్ఞతలు

ఈ పోస్టు ముందుగా నైరోబీలో ఉండే మన తెలుగు అక్క ఒకావిడకి. పేరు పెట్టొద్దన్నారు, పెట్టను. నేను దండం పెట్టాల్సిన మిగతా ముగ్గురికీ తెలుగు రాదు. అందుకని వాళ్ల సంగతి కూడా మీకే చెప్పుకుంటున్నా.

పోయిన నెల అమ్మా బాపూ నా దగ్గరికి కెన్యా వచ్చారు. బాపు హన్మకొండలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైన మనిషి. సింహాలు చూపిద్దామని నేననుకుంటే, "సింహాలు జూల గూడ ఉంటయి, నన్ను మాలిందీ తీస్కపో" అన్నాడు. 1498లో వాస్కోడగామా కాలికట్‌లో దిగాడని ఎన్ని బ్యాచులకు చెప్పాడో లెక్కలేదు. కాలికట్‌కి దారి తెలిసిన మనిషిని ఓడ ఎక్కించుకున్నది మాలిందీలోనే. అక్కడ సముద్రం ఒడ్డున పోర్చుగీసుల స్తంభం దగ్గర బాపు చాలాసేపు నిలబడ్డాడు. "దారి చూపినోడు ఎవడో ఇప్పటిదాంక తేల్చలే సూడు" అని మాత్రం అన్నాడు.

ప్రయాణం మొత్తం అక్క వేసిన ప్లానే. రైల్లో మొంబాసా దాకా, దారికి పులిహోర కూడా ఆవిడే కట్టిచ్చింది. ఫోర్ట్ జీసస్ పొద్దున్నే చూసెయ్యమంది, మంచిదైంది. పోర్చుగీసులు 1593లో మొదలుపెట్టిన కోట అది. ఒమన్ అరబ్బులు మూడేళ్లకు కొంచెం తక్కువ ముట్టడించి 1698లో పట్టుకున్నారు, ఆ తర్వాత బ్రిటిషువాళ్లు జైలు చేశారు. పాతబస్తీ సందుల్లో ఒక పక్క అజాన్, ఒక పక్క గుజరాతీ మాటలు, చెక్కిన తలుపులు. పొద్దున టిఫిన్‌కి మహమ్రీ అనే తియ్యటి పూరీలాంటిది, దాంతో మ్బాజీ. అమ్మ వేలితో నొక్కి చూసి, "ఇవి కందులేనే! కొబ్బరిపాలల్ల ఉడకబెట్టిన్రు. పోపొక్కటే తక్కువ" అంది.

అసలు కథ గేదీలో. మాలిందీ నుంచి టుక్‌టుక్‌లో వెళ్లాం. అడవి మధ్యలో పగడపు రాయితో కట్టిన ఊరు. 17వ శతాబ్దంలో జనం వదిలేసి వెళ్లిపోతే చెట్లు కమ్మేశాయి. 2024లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. చైనా పింగాణీ, వెనిస్ గాజు కూడా ఈ తవ్వకాల్లో దొరికాయి. గైడు బావి చూపిస్తుండగా బాపు చెయ్యి భుజం మీదికి పోయింది. సంచి లేదు. ఇన్సులిన్ సంచి! టుక్‌టుక్‌లోనే మర్చిపోయాం. మధ్యాహ్నం తిండికి ముందు సూది పడాలి.

గైడు కంగారుపడలేదు. బాపుని చెట్టు నీడలో కూర్చోబెట్టి, "పోలె, బాబు, పోలె" అన్నాడు. స్వాహిలీలో బాబు అంటే తాత. పోలె అంటే క్షమించమని కాదు, మన "అయ్యో" లాంటి మాట. ఎదుటివాడికి కష్టం వస్తే వీళ్లు ముందు అదే అంటారు. తర్వాత నా వైపు తిరిగి, "ఎవరైనా ఫోన్ చేశారేమో చూశారా?" అన్నాడు. ఫోటోల ధ్యాసలో పడి ఫోన్ సైలెంట్‌లో పెట్టుకున్న తెలివి నాది. ఏడు మిస్డ్ కాల్స్!

ఇక్కడే అక్క పుణ్యం. బయల్దేరేటప్పుడు ఆవిడే సంచికి ఒక కాగితం అతికించింది. నా నంబరు, దాని పైన పెద్దక్షరాల్లో స్వాహిలీలో "దావా యా కిసుకారి". అంటే షుగర్ మందు. అది చదివి డ్రైవరు తిన్నగా మందుల షాపుకి వెళ్లాడు. షాపులో ఉన్న అమ్మాయి మందు నేరుగా ఐసుకి తగలకుండా పాత లెసో గుడ్డలో చుట్టి, ఐసు వేసిన డబ్బాలో పెట్టి పంపింది. పదిహేను కిలోమీటర్ల పైనే వెనక్కి వచ్చాడాయన. ఎంపెసాలో డబ్బు పంపుతానంటే నా ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మేం తిరిగి వెళ్లడానికి ఎలాగూ ఇచ్చే కిరాయి తప్ప పైసా ముట్టలేదు.

మాలిందీలో ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పడానికి షాపుకి వెళ్లాం. బోర్డు మీద "దుకా లా దావా". బాపు రెండుసార్లు చదివి, "దుకాణం, దవా... గిది మన దవాఖాన భాషనే గదనే!" అని నవ్వాడు. అరబ్బీ, పారశీ మాటలు అటూ ఇటూ ఓడలెక్కాయని అక్కడే పాఠం మొదలుపెట్టాడు. పాపం ఆ అమ్మాయి తలాడిస్తూ వింది.

మర్నాడు అరబుకో సొకోకే అడవిలో అదే గైడు ఎండుటాకుల చప్పుడు పట్టుకుని సెంగి అనే ఎలుకలాంటి చిన్న జంతువుని చూపించాడు. పొడుగు ముక్కు, వెనకంతా బంగారు రంగు. అమ్మ అన్నది: "వినాయకుడూ ఆయన ఎలుకా ఒక్కదాంట్లనే కలిసినట్టున్నరు."

ఆ ముగ్గురికీ అసంతే సానా, అంటే చాలా థాంక్స్. అక్కా, కాగితం ఇంకా సంచికే ఉంది, బాపు పీకనివ్వలేదు. మీ పులిహోర డబ్బా ఆదివారం తెచ్చిస్తా.