7 ఫిర్యాదు నంబర్లు, చదివినవాళ్ళు ఒక్కరూ లేరు

కస్టమర్ సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మీ పౌడర్ మెజర్, అంటే తూటాల్లో పోసే మందుని కొలిచే పరికరం గురించి. నిజానికి దాని గురించి కూడా కాదు, దాని గురించి నేను చెప్పింది మీ దగ్గర ఎవరూ వినకపోవడం గురించి.

అయ్యా,

మీ కంపెనీకి ఇది నా ఎనిమిదో ఉత్తరం. మొదటి ఏడూ కంప్యూటర్లో కొట్టి పంపాను. ఒక్కోదానికీ ఒక నంబరు వచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండానే ఒక్కోటీ "పరిష్కరించబడింది" అనే ముద్ర వేయించుకుని మూతపడింది. ఆ పరిష్కారం ఏమిటో నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే ఈసారి కాగితం మీద రాస్తున్నాను. కాగితాన్ని చించి పారేయాలన్నా ఎవరో ఒకరు చేత్తో పట్టుకోవాలి కదా, ఆ కాసేపట్లో రెండు లైన్లు కంటపడకపోతాయా అని నా ఆశ.

నేను 11 ఏళ్ళుగా ఇంట్లోనే తూటాలు రీలోడ్ చేసుకుంటున్నాను, అంటే పేలిన తూటాల ఖాళీ ఇత్తడి కేసుల్లో మళ్ళీ మందు పోసి బుల్లెట్ బిగించుకుంటున్నాను. ప్రెస్సు మీదే, డైలు మీవే, కేసులు నిలబెట్టే ట్రేలు కూడా మీవే. ఆ గదిని మా ఇంట్లో "మందు గది" అంటారు. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ మాట విని ఆశగా తొంగిచూసి, లోపల తూకం, గరాటు, ఇత్తడి కేసులు చూసి మొహం వేలాడేసుకుని వెళ్ళిపోతుంటారు. ఈ పని నా దగ్గర నేర్చుకున్న నలుగురికీ మీ సామానే కొనమని చెప్పింది నేనే. ఆ మాటకి ఇప్పుడు వాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు.

జరిగింది చిన్న విషయం. కొత్తగా కొన్న మీ మెజర్ ఒక్కో పోతకీ ఒక్కో తూకం ఇస్తోంది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ, తేడా 0.6 గ్రెయిన్ల దాకా (గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు కంటే కాస్త తక్కువ). పైగా హ్యాండిల్‌తో తిరిగే డ్రమ్ముకీ బాడీకీ మధ్య సందులోంచి సన్నటి మందు కారి బల్ల మీద పడుతోంది. అంతే. వస్తువులన్నాక ఒకటీ అరా ఇలా వస్తాయి, దానికి నాకేమీ కోపం లేదు. మర్నాడే ఫోన్ చేశాను. అక్కడ మొదలైంది అసలు కథ.

మొదటిసారి ఫోన్ ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. నేను చెప్పిందంతా "అవునండీ, అవునండీ" అంటూ విన్నది. చివర్లో, "సార్, బ్యాటరీ మార్చి చూశారా?" అంది. తల్లీ, ఇది చేత్తో తిప్పేది, దీనికి బ్యాటరీ ఉండదు అన్నాను. ఒక్క నిమిషం ఆగి, "అయితే ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అంది. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడు గుర్తొచ్చాడు. ఆమె తప్పు కాదులెండి. ముందున్న కాగితంలో ఏది రాసి ఉంటే అది చదువుతుంది పాపం. ఆ కాగితం రాసినవాళ్ళకి మీరు అమ్మేది ఏమిటో తెలియదని మాత్రం అర్థమైంది.

రెండోసారి ఒక అబ్బాయి. ఇతను కొంచెం ముదురు. నేను నోరు తెరవకముందే, "మందులో లోపం ఉంటుంది సార్, మందు మార్చండి" అన్నాడు. సరే, మాట వరసకైనా మందు సంగతి ఎత్తాడు కదా అని ఓపిగ్గా వివరించాను. అదే మళ్ళీ ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఏడు ఉత్తరాల్లోనూ ఇదే రాశాను, ఏ ఒక్క జవాబులోనూ దీని ఊసు లేదు.

మెజర్ మందుని తూకం వేయదు, కొలుస్తుంది. డ్రమ్ములో గుంట ఎంత ఉంటే అంత నింపుకుని కిందికి పోస్తుంది. కాబట్టి గుంటలో మందు ప్రతిసారీ ఒకేలా సర్దుకుంటేనే తూకం కుదురుతుంది. పుల్లల మందు అలా సర్దుకోదు. పెన్సిల్ ములికి తునకల్లా ఉంటుంది అది. పుల్లలు అడ్డదిడ్డంగా పడతాయి, కొన్ని డ్రమ్ము అంచున ఇరుక్కుని కరకరమని తెగుతాయి, హ్యాండిల్ పట్టేస్తుంది. 4064 రకం లాంటి పొడుగు పుల్లల మందుని అందుకే నేను మెజర్‌లో కొంచెం తక్కువగా పోసుకుని, మిగతాది తూకం పళ్ళెంలో చిటికెడు చిటికెడు రాల్చి సరిచూసుకుంటాను. 8208 లాంటి పొట్టి పుల్లలైతే ఎంతో నయం. రేకుల మందుది ఇంకో తంటా. కాగితానికి చిల్లులు పొడిస్తే రాలే చుక్కల్లా ఉండే రేకులు సన్నటి గొట్టంలో వంతెన కట్టుకుని ఆగిపోతాయి. ఒక కేసులో తక్కువ పడుతుంది, ఆగిపోయిందంతా తర్వాతి కేసులోకి దిగుతుంది. ఇక గుండ్రటి మందు, అదే బాల్ పౌడర్, సన్నటి ఇసుకలా జారుతుంది. 335 గానీ 748 గానీ మంచి మెజర్‌లో పోస్తే అటూ ఇటూ 0.1 గ్రెయిన్‌కి మించి తేడా రాదు. మెజర్‌కి నప్పే మందు కావాలంటే ఎవరైనా ముందు చెప్పేది బాల్ పౌడరే.

ఇప్పుడు నా ప్రశ్న. నేను పోసింది బాల్ పౌడరే. దానికే 0.6 తేడా వస్తుంటే లోపం మందులో ఉన్నట్టా, మెజర్‌లో ఉన్నట్టా?

ఇది మాటల్లో అడిగి ఊరుకోలేదు. కొత్త డ్రమ్ముకి అంటిన నూనె తుడిచి, గ్రాఫైట్ పొడి రాసి, ఒక డబ్బా మందు రెండుసార్లు ఊరికే తిప్పి అరగదీశాను. హాపర్, అంటే మందు పోసే పై డబ్బా, మూడింట రెండు వంతులు నింపి, లోపల అడ్డురేకు పెట్టి, ఫ్యాన్ ఆపి, డిజిటల్ స్కేలు అరగంట ముందు ఆన్ చేసి వేడెక్కనిచ్చి, సరిచూసే రాయితో ప్రతి పది తూకాలకీ ఒకసారి పరీక్షించాను. మొదటి పది పోతలు లెక్కలోకి తీసుకోలేదు. హ్యాండిల్ ఒకే వేగంతో, పైన ఒక తట్టు, కింద ఒక తట్టు. మూడు రకాల మందులకీ 30 పోతల చొప్పున తూకం వేసి రాశాను. తర్వాత, ఇది ముఖ్యం, నా పాత మెజర్ తమ్ముడి దగ్గర ఉంటే తెప్పించి, అదే రోజు, అదే స్కేలు మీద, అదే డబ్బాలోని బాల్ పౌడర్‌తో మళ్ళీ 30 పోతలు పోశాను. 30కి 30 పోతలూ 0.1 లోపే. ఆ పాత మెజర్ ఎవరిదనుకున్నారు? మీదే. 11 ఏళ్ళ నాటిది. అప్పట్లో మీకు చేయడం వచ్చు.

ఆ పట్టీ అంతా జతచేసి పంపితే వచ్చిన జవాబు: "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు." మరుసటి రోజు ఫిర్యాదు మూసేశారు.

మూడోసారి మాట్లాడిన ఆయన అనుభవజ్ఞుడిలా గొంతు సవరించుకుని, "డ్రమ్ములో రెండు చుక్కలు నూనె వేయండి" అన్నాడు. అయ్యా, నూనె తగిలితే మందు పాడవుతుంది, మందుని అంటించే ప్రైమర్‌కి తగిలితే అదీ పేలకపోవచ్చు. డ్రమ్ముకి ఉన్న నూనె తుడిచిన తర్వాతే వాడమని మీరిచ్చిన చిన్న పుస్తకంలోనే అచ్చు వేశారు. ఆయన చదవలేదు. నేను చదివి వినిపిస్తే, "అది పాత ఎడిషన్ అయ్యుంటుంది" అన్నాడు. వస్తువుతో పాటు పెట్టెలో వచ్చిన పుస్తకం సార్ అది.

నాలుగోసారి పైఅధికారిని కావాలన్నాను. 40 నిమిషాలు సంగీతం వినిపించారు, అదే ముక్క, మళ్ళీ మళ్ళీ. చివరికి ఒకాయన వచ్చి, "0.6 అంటే కంటికి కూడా కనబడదు కదండీ, దానికింత గొడవా?" అన్నాడు. అక్కడ నాకు మండింది. చిన్న పిస్టల్ కేసులో పోసే మందు మొత్తం 4, 5 గ్రెయిన్లు. అందులో 0.6 అంటే పదో వంతు కంటే ఎక్కువ. మాన్యువల్‌లో కింది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్ళమని చెప్పేది ఎందుకు? గరిష్ఠం దగ్గర ఉన్నవాడికి ఆ 0.6 ఎక్కువైతే ఏం జరుగుతుందో, మరీ తక్కువై బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగిపోతే, అది చూసుకోకుండా ఇంకోటి పేల్చితే ఏం జరుగుతుందో ఆయనకి చెప్పాను. "అలా జరిగితే మళ్ళీ ఫోన్ చేయండి" అన్నాడు. ఏ చేత్తో చేయమంటారు?

ఆయనే ఇంకో సలహా కూడా ఇచ్చాడు. మందుని రాత్రంతా హాపర్‌లో వదిలేస్తే సర్దుకుంటుందట! నైట్రోగ్లిజరిన్ ఉన్న మందుని ప్లాస్టిక్ హాపర్‌లో వదిలేస్తే ఆ ప్లాస్టిక్ మసకబారి పాడవుతుంది. పైగా పొద్దున్న లేచి అది ఏ మందో మరిచిపోయి వేరే డబ్బాలో పోశామంటే, అంతకంటే ప్రమాదం ఈ పనిలో లేదు. పని అయిన వెంటనే మందు దాని డబ్బాలోకి తిరిగి వెళ్ళాలి, బల్ల మీద ఒకసారికి ఒకే డబ్బా ఉండాలి. ఇది నేర్చుకునేవాడికి మొదటి రోజు చెప్పే పాఠం. మీ పైఅధికారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఐదోది ఫోను కాదు. నా ఫిర్యాదు మీ దగ్గర ఎలా నమోదైందో కాపీ అడిగి తెప్పించుకున్నాను. అందులో "0.6 గ్రాముల తేడా" అని ఉంది. గ్రెయిన్ వేరు, గ్రాము వేరు. పౌనుకి 7000 గ్రెయిన్లు, గ్రాముకి 15 గ్రెయిన్ల పైమాట. 0.6 గ్రాము అంటే 9 గ్రెయిన్లు దాటుతుంది. పిస్టల్ కేసులో అది రెండు మోతాదులు! నిజంగా అంత తేడా ఉందని నమ్మి ఉంటే మీరు ఆ మెజర్లన్నీ వెనక్కి పిలవాలి. నమ్మలేదంటే చదవలేదన్నమాట. ఎటు చూసినా మీకే అవమానం, నేనైతే రెండోదే నిజమనుకుంటున్నాను.

ఆరోసారి సాంకేతిక విభాగానికి కలుపుతున్నామన్నారు. ప్రాణం లేచొచ్చింది. కలిపింది అమ్మకాల విభాగానికి. ఆ కుర్రాడు నా బాధంతా శ్రద్ధగా విని, "మీలాంటి వాళ్ళ కోసమే సార్, దానంతట అదే తూకం వేసుకునే ఎలక్ట్రానిక్ డిస్పెన్సర్ ఉంది, పాత కస్టమర్లకి తగ్గింపు" అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టుంది.

ఏడోది విన్నాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వస్తువు వెనక్కి పంపమన్నారు, మంచిదే. కానీ "మేం పరీక్షించడానికి వీలుగా హాపర్‌లో మందు నింపి పంపండి" అని రాశారు! మామూలు పార్సిల్లో మందు పంపడం నేరం. దానికి వేరే ముద్రలు, వేరే ప్యాకింగు, వేరే అనుమతులు ఉంటాయి. తూటాల సామాను తయారుచేసే కంపెనీ నుంచి ఈ మాట రావడం అంటే, ఏం చెప్పను. అలా పంపనని, ఖాళీ మెజర్ పంపుతానని రాశాను. జవాబుగా నా ఫైలు మీద "కస్టమర్ సహకరించడం లేదు" అని రాసి మూసేశారు. ఆ సాయంత్రమే మా సేవ ఎలా ఉందో 10కి మార్కులు వేయమని మెసేజ్. ఒకటి వేశాను. "మీరు సంతృప్తి చెందినందుకు మాకు ఆనందం" అని వచ్చింది.

ఇంతకీ మీకు ఏం కావాలి అని అడుగుతారేమో. మీరు అడగలేదు గానీ, అడిగారనే అనుకుందాం. కొత్త డ్రమ్ము పంపితే అదీ సరే, మొత్తం మెజర్ మార్చినా సరే, డబ్బు వెనక్కి ఇచ్చినా సరే. అది మీ ఇష్టం. దానికంటే ముందు, ఒక్కసారైనా చేత్తో డ్రమ్ము తిప్పి మందు పోసిన అనుభవం ఉన్న మనిషి ఒకరు నా 30 పోతల పట్టీ చూసి, "అవునండీ, మెజర్‌లోనే లోపం" అనో, "కాదండీ, మీరు ఫలానా చోట పొరబడ్డారు" అనో నాకు చెప్పాలి. తిట్టినా పడతాను, నేను పొరబడ్డానని చూపిస్తే దిద్దుకుంటాను. చదివి తిట్టండి.

15 రోజులు చూస్తాను. ఈలోగా జవాబు రాకపోతే వినియోగదారుల కోర్టుకి వెళ్తాను. కోర్టు సంగతి ఎలా ఉన్నా, మా క్లబ్బులో కొత్తవాళ్ళకి పాఠం చెప్పే రోజున మీ కొత్త మెజర్‌నీ, మీ పాత మెజర్‌నీ పక్కపక్కన పెట్టి చెరో 30 పోతలు పోయిస్తాను. నేను ఒక్క మాట కూడా మాట్లాడను. స్కేలు చెబుతుంది.

ఇట్లు,
మీ రికార్డుల ప్రకారం సహకరించని, సంతృప్తి చెందిన కస్టమర్

జతపరచినవి: 30 పోతల పట్టీలు 4, మీ చిన్న పుస్తకంలో నూనె గురించి ఉన్న పేజీ నకలు 1, "పరిష్కరించబడింది" మెసేజులు 7.
మందు జతపరచలేదు.