పాము అగుపడితే కర్ర తీయొద్దు, దూరం జరగండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, యూనిఫామ్ కొలతల సంగతి వెనక పేజీలో ఉన్నాయి, ఈసారి నేను పాముల గురించే రాస్తున్నాను. పోయిన వారం మధ్యాహ్న భోజనం షెడ్డు వెనక కట్టెల్లో పొడుగాటి పాము ఒకటి కనపడితే, పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన నలుగురైదుగురు తండ్రులు కర్రలు పట్టుకొని ఉరికారు, మా సార్లు అడ్డం పడి ఆపి పాములు పట్టే ఆయన్ని పిలిపిస్తే తీరా అది జెర్రిపోతు, అదే మన వైపు జెర్రిగొడ్డు అంటాం చూడండి, విషమే లేదు దానికి. కయ్యల్లో వడ్లు తినే ఎలుకల్ని అది తింటది, అంటే మనకి కూలి అడగకుండా పనిచేస్తది. అయినా చాలామంది "అది నాగుపాముతో జత కడతది సార్, చంపేయాల్సిందే" అన్నారు. అట్లాంటిదేం లేదు. రెండు జెర్రిపోతులు పెనవేసుకొని లేస్తే అది చాలాసార్లు రెండు మగ పాముల కొట్లాట.

మన దగ్గర ఎక్కువగా ప్రాణం తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇంకోటి చిన్నగా ఉండే ఇసుక పింజర. నాగుపాము పడగ అందరికీ తెలుసు, కానీ అది పడగ విప్పకుండా పాకిపోయేటప్పుడు జెర్రిపోతులాగే ఉంటది, జాగ్రత్త. రక్తపింజర లావుగా ఉండి ఒంటి మీద గొలుసు లాంటి మచ్చలు మూడు వరసలు ఉంటాయి, దగ్గరికెళ్తే కుక్కర్ విజిల్ లాగా గట్టిగా బుస కొడతది, దాన్ని కొండచిలువ పిల్ల అనుకొని చేత్తో పట్టుకొని కాటు తిన్నవాళ్లు ఉన్నారు.

నాకు అన్నిటికంటే భయం కట్లపాముతోనే. నల్లటి ఒళ్లు మీద సన్నటి తెల్ల చారలు, చాలావరకు జతలు జతలుగా, మెడ దగ్గర కాకుండా కాస్త కిందనుంచి మొదలవుతాయి, అచ్చం ఇట్లాగే చారలుండే విషం లేని పాము కూడా ఇళ్లలోకి వస్తది కాబట్టి దూరం నుంచి తేడా చెప్పడం పెద్దవాళ్లకే కష్టం. రాత్రిళ్లు తిరుగుతది, కరెంటు పోయి వరండాలో కింద పడుకున్న పిల్లల్ని కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండదు, తెల్లారి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మనమేమో రాత్రి తిన్నది అరగలేదనుకుంటాం. దయచేసి పిల్లల్ని మంచం మీద పడుకోబెట్టండి, కుదరకపోతే దోమతెర వేసి నాలుగు పక్కలా పరుపు కిందకి దోపండి.

దేశంలో పాముకాటుతో ఏడాదికి సుమారు 58,000 మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క, ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనది కూడా ఉంది. ఇంత ప్రమాదం ఉంటే చంపొద్దంటారేంది అని మీరు అడగొచ్చు. కొట్టబోయినప్పుడే పాము తిరగబడతది, దారి వదిలితే అది పోవాలనే చూస్తది. చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా. పగబట్టి వెతుక్కుంటా వచ్చేది సినిమాల్లోనే, దానికి మన మొహం గుర్తుండదు. ఆస్పత్రిలో చూపించడానికి చచ్చిన పాము కావాలి అనేది కూడా వద్దు, ఆ నాలుగు పాములకీ మన ఆస్పత్రుల్లో ఉండే ఇంజెక్షన్ ఒకటే. ఆ మందుకి కావాల్సిన విషం చాలావరకు చెన్నై దగ్గర ఇరుళ్ల (పాములు పట్టే గిరిజన తెగ) సహకార సంఘం వాళ్లు ఇస్తారు, 1978లో పెట్టిన ఆ సంఘం వాళ్లు పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తున్నారు. మన యానాది కుటుంబాల్లో కూడా కయ్యల గట్ల మీద ఏ బొక్కలో ఏముందో చెప్పగలిగే పెద్దవాళ్లున్నారు, వాళ్ల పిల్లలు మన బడిలో చదువుతున్నారు, ఆ తెలివికి మనం గౌరవం ఇవ్వాలి.

కాబట్టి అగుపడితే పిల్లల్ని వెనక్కి పంపండి, ఒకరు దూరం నుంచి అది ఎటు పోతుందో చూస్తా ఉండండి, పాములు పట్టే మనిషికో ఫారెస్టు వాళ్లకో ఫోన్ చేయండి. పట్టినాక పది ఊళ్ల అవతల వదలమని పట్టుబట్టొద్దు, తెలియని చోట అది తిండి, దాక్కునే తావు దొరక్క చస్తది, దగ్గర్లోనే ఇళ్లు లేని చోట వదిలితే చాలు. రీల్స్ కోసం మెడలో వేసుకునేవాళ్లని మాత్రం పిలవొద్దు.

ఒకవేళ కాటు పడితే గట్టిగా కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, పసరు, మంత్రం అని గంటలు పోగొట్టొద్దు. గాజులు, ఉంగరాలు, మొలతాడు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా చూసి 108కి ఫోన్ చేసి ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్లండి.

బడిలో కట్టెల్ని ఎత్తు బల్ల మీదకి మార్పించాం, గోడ పక్కన మిగిలిపోయిన ఇటుకలు ఈ శనివారం తీయిస్తున్నాం, సాయం చేయగలిగినవాళ్లు చేతులకి గ్లౌజులు, కాళ్లకి బూట్లు వేసుకొని రండి. మీ ఊళ్లో పద్ధతిగా పాములు పట్టే మనిషి తెలిస్తే, ఆయన్ని అడిగి నంబరు క్లాస్ టీచర్‌కి ఇవ్వండి, ఊరివారీగా రాసి నోటీసు బోర్డులో పెడతాం.

మీ
ప్రధానోపాధ్యాయుడు