సూరీ, బిల్లు నంబరు సింగిల్టన్‌లో పెట్టకు

విజయనగరం

ఒరే సూరీ,

పలాస జీడిపప్పు కొట్టుకి రాసిన బిల్లింగు ప్రోగ్రాములో ఒకే నంబరు రెండు బిల్లుల మీద పడుతోందన్నావు గదా, నువ్వు పంపిన జావా కోడు చూశాను. నంబరుని సింగిల్టన్‌లో, అంటే ఒక్క ఆబ్జెక్టే పుట్టేలా రాసిన క్లాసులో, పెట్టావు. సింగిల్టన్ అంటే కొట్టంతటికీ ఒక్కటే అనుకున్నావేటి? ఒక జేవీఎమ్‌లో (జావా ప్రోగ్రాముని నడిపేది), అదీ ఒక క్లాస్‌లోడర్ (క్లాసుల్ని మెమరీలోకి తెచ్చేది) కింద, ఒక్కటి. కౌంటర్లు రెండు, కంప్యూటర్లు రెండు. ఎవడి సింగిల్టన్ వాడిదే, రెండూ ఒకటి నుంచే లెక్కెడతాయి. కరెంటు పోయొస్తే మళ్ళీ ఒకటి.

నంబరుని డేటాబేసులో ఒక వరుసలో పెట్టి, బిల్లు సేవ్ చేసే ట్రాన్సాక్షన్‌లోనే (జరిగితే అన్నీ, లేదంటే ఏదీ జరగని పనుల మూట) పెంచు. డేటాబేసే వరసగా నంబర్లిచ్చే సీక్వెన్స్ వాడకు, ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయితే, అంటే రద్దయితే, మధ్యలో నంబరు ఎగిరిపోతుంది. జీఎస్టీ బిల్లుకి వరుస తప్పకూడదు, ఆర్థిక సంవత్సరంలో అదే నంబరు మళ్ళీ రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. ఒకటికి మించి సిరీస్‌లు ఉండొచ్చు కాబట్టి కౌంటరుకో అక్షరం ముందు తగిలించినా చెల్లుతుంది.

ప్రింటరు పేరు, కొట్టు అడ్రసు లాంటి సెట్టింగులకైతే ఆ క్లాసు ఉంచుకో, కానీ బాగుచెయ్యాలి. ఆబ్జెక్టుని పుట్టించే కన్‌స్ట్రక్టర్ పబ్లిక్‌గా వదిలేశావు, ఎవడైనా న్యూ అంటే ఇంకోటి పుడుతుంది. ప్రైవేట్ చెయ్యి. ఆ ఒక్క ఆబ్జెక్టునీ ఇచ్చే గెట్‌ఇన్‌స్టెన్స్‌లో ‘నల్ (అంటే ఇంకా పుట్టలేదు) అయితే కొత్తది చెయ్యి’ అన్నావు. రెండు థ్రెడ్లు (ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే పనులు) ఒకేసారి అక్కడికొస్తే రెండింటికీ నల్లే కనిపిస్తుంది, రెండు ఆబ్జెక్టులు పుడతాయి. ఒక్కడివే కూర్చుని టెస్టు చేస్తే ఇది దాదాపు బయటపడదు. ఒకసారికి ఒక్క థ్రెడ్డునే లోపలికి రానిచ్చే లాక్, అదే సింక్రనైజ్డ్, ఆ మెథడ్‌కి పెడితే చాలు. అది నెమ్మదని కొందరు లాక్ బయట ఒకసారి, లోపల ఒకసారి నల్ చూస్తారు. అలా రాస్తే ఫీల్డు వోలటైల్ (ఒక థ్రెడ్డు రాసింది మిగతావాటికి సరిగ్గా కనిపించేలా చేసే గుర్తు) అవ్వాల్సిందే, లేదంటే సగం తయారైన ఆబ్జెక్టు ఇంకో థ్రెడ్డు చేతికి చిక్కొచ్చు. 2004లో జావా 5 వచ్చేదాకా వోలటైల్ పెట్టినా దానికి భరోసా లేదు.

నన్నడిగితే ఆ తలనొప్పి నీకెందుకురా? లోపల ఒక ప్రైవేట్ స్టాటిక్ క్లాసు రాసి, ఆబ్జెక్టుని అందులో స్టాటిక్ ఫైనల్‌గా పెట్టు. గెట్‌ఇన్‌స్టెన్స్ దాన్ని ముట్టుకునేదాకా ఆ క్లాసు ఇనిషియలైజ్ అవదు, అయినప్పుడు లాకుల సంగతి జేవీఎమ్మే చూసుకుంటుంది. ఒకే విలువున్న ఈనమ్ (విలువలన్నీ ముందే రాసిపెట్టే రకం క్లాసు) ఇంకా తేలిక: రిఫ్లెక్షన్‌తో (ప్రైవేట్‌నీ దాటి క్లాసు లోపలికి చెయ్యి పెట్టే దారి) రెండోది చెయ్యబోతే ఒప్పుకోదు, సీరియలైజ్ చేసి (బైట్లుగా మార్చి దాచి) చదివినా పాతదే ఇస్తుంది. మామూలు సీరియలైజబుల్ క్లాసైతే పాతదాన్నే తిరిగిచ్చే రీడ్‌రిజాల్వ్ మెథడ్ నువ్వే రాసుకోవాలి.

ఇంకోటి. బిల్లు క్లాసులో ఎక్కడపడితే అక్కడ గెట్‌ఇన్‌స్టెన్స్ పిలిచావు. సెట్టింగులని కన్‌స్ట్రక్టర్ ద్వారా అందించు. టెస్టులో ఉత్తుత్తి సెట్టింగులు పెట్టుకోవచ్చు, ఒక టెస్టు మార్చింది ఇంకో టెస్టుని చెడగొట్టదు.

ముందు ఆ నంబరు సంగతి తేల్చు, సంవత్సరాంతం లెక్కలప్పుడు ఆడిటరు పట్టుకుంటాడు.

నీ
అప్పలరాజు