పులుసు గదిలో కూర్చున్న మనిషిని చెన్నై పంపించాను

కావలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రమణా,

ఫోనులో అయిదు నిమిషాల్లో తేలిపోయే సంగతికి ఉత్తరం ఎందుకని విసుక్కోకు. ఫోనులో నువ్వు నన్ను సగం మాట కూడా పూర్తి చేయనివ్వవు. ఈ కథ మధ్యలో అడ్డు రాకుండా వినవలసినది.

ఏడో తరగతిలో మన చేత గో, వెంట్, గాన్ అని ఎక్కాల్లా వల్లె వేయించేవారు, గుర్తుందా? నువ్వు బల్ల మీద దరువు కూడా వేసేవాడివి. ఆ మూడో గడిలోని గాన్ పోయిన బుధవారం నా కొలువుకే ఎసరు పెట్టబోయింది.

నేను రొయ్యల వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తున్నానని నీకు తెలుసు కదా. మా సరుకు కొనే ఏజెంటు ఒకాయన కొచ్చిలో ఉంటారు. ఆయనకు తెలుగు రాదు, నాకు మలయాళం రాదు, మధ్యలో ఇంగ్లీషే దిక్కు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఫోను చేసి మా యజమాని ఏరని అడిగారు. యజమాని ముందు రోజు చెన్నై వెళ్ళి, తెల్లవారుజామునే తిరిగి వచ్చి, సరిగ్గా ఆ సమయానికి వెనక గదిలో చేపల పులుసుతో అన్నం తింటున్నారు. ‘చెన్నై వెళ్ళి వచ్చారు, అక్కడ మీ సరుకు సంగతి కూడా మాట్లాడారు, ఉండండి పిలుస్తాను’ అని చెప్పాలని నా ఉద్దేశం. నోటి నుంచి వచ్చింది మాత్రం ‘హి హ్యాజ్ గాన్ టు చెన్నై’. మిగతాది చెప్పేలోగా ఆయన సరేనని పెట్టేశారు. తిరిగి చేస్తే ఫోను ఖాళీ లేదు. సాయంత్రం దొరికేసరికి వేరేవాళ్ళ సరుకుకు బేరం కుదుర్చుకున్నారు. ఐసులో ఉన్న రొయ్య మన ఇంగ్లీషు బాగుపడేదాకా ఆగదు కదా! చివరికి స్థానికంగా తక్కువ ధరకు వదిలించుకోవలసి వచ్చింది.

‘నేను ఇక్కడ పులుసు జుర్రుతూ ఉంటే నన్ను చెన్నైలో కూర్చోబెట్టావా నాయనా’ అన్నారు యజమాని. అంతే అన్నారు. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఇంటికి వచ్చి చెబితే మా అమ్మాయి పడీపడీ నవ్వింది. పదో తరగతి చదువుతోంది, ఇంగ్లీషులో నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. ‘నాన్నా, గాన్ అంటే మనిషి వెళ్ళాడు, ఇంకా రాలేదు. వెళ్ళి వచ్చేస్తే బీన్ అనాలి’ అంది. నేను ఊరుకుంటానా? బీన్ అనేది ‘ఉండు’ అనే క్రియ ఇంటి పిల్ల, ‘వెళ్ళు’ ఇంట్లో దానికేం పని అని వాదించాను. మన పట్టికలో గో వరుసలో బీన్ ఎక్కడైనా ఉందా, నువ్వే చెప్పు!

వసారాలో బియ్యం ఏరుతున్న మా అమ్మ చేట పక్కన పెట్టింది. ‘చిన్నప్పుడు ఊరికి బయలుదేరుతూ వెళ్తానంటే ఎందుకు కోప్పడేదాన్నిరా? వెళ్ళి వస్తాననమని ఎందుకు చెప్పేదాన్ని? వెళ్తానంటే అందులో తిరిగి రావడం లేదని కాదా?’ అంది. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి! నాకు అంతమంది మాస్టర్లు చెప్పలేనిది చేటలోంచి రాయి ఏరినంత సులువుగా ఏరి పెట్టింది.

మా అమ్మాయి అంతటితో వదలలేదు, నన్ను గుమ్మం దగ్గరకు లాక్కెళ్ళింది. తన తమ్ముడు ఉదయం తుమ్మలపెంట సముద్రానికి వెళ్ళి వచ్చాడు. వాడి చెప్పులు గుమ్మం పక్కనే పడి ఉన్నాయి, పట్టీల సందుల్లో ఇంకా తడి ఇసుక. ‘ఇది బీన్’ అంది. వాటి పక్కన మా ఆవిడ చెప్పులు ఉండే చోటు ఖాళీగా ఉంది, ఆవిడ బజారుకు వెళ్ళింది. ‘ఇది గాన్’. ఇంకో మెలిక కూడా చెప్పింది: ‘ఐ హావ్ గాన్’ అని ఎదురుగా నిలబడి ఎవరూ అనరట. నిజమే, నేను వెళ్ళిపోయి ఉంటే ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు?

అప్పటి నుంచి నాకు ఇదే పిచ్చి పట్టుకుంది. మనం ఆ తప్పులు చేయడానికి కారణం మొద్దుతనం కాదురా, మన తెలుగే. ‘చెన్నై వెళ్ళారు’ అన్న ఒక్క మాటతో మనం నిన్న వెళ్ళినదీ చెబుతాం, ఇప్పుడు అక్కడ ఉన్నదీ చెబుతాం. ఇంగ్లీషువాడు నిన్న అన్నాడంటే హ్యాజ్ ముట్టుకోడు, వెంట్ అంటాడు. కాబట్టి మా అమ్మ సూత్రానికీ ఒక చిల్లు ఉంది: ‘నిన్న వెళ్ళి వచ్చాడు’ అన్నప్పుడు బీన్ పనికిరాదు. ఈ సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు.

‘పదేళ్ళ నుంచి ఇక్కడ పని చేస్తున్నాను’ సంగతి చూడు. మనకు 2014 నుంచి అన్నా ‘నుంచి’, పదేళ్ళ నుంచి అన్నా ‘నుంచి’. వాళ్ళకు మొదలైన చోటు చెబితే సిన్స్, గడిచిన కాలం కొలిచి చెబితే ఫర్. పైగా మనకు ‘చేస్తున్నాను’ చాలు, వాళ్ళకు హావ్ బీన్ కూడా కావాలి. నా ఉద్యోగం దరఖాస్తులో ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని దర్జాగా రాశాను. అయినా ఉద్యోగం ఇచ్చారంటే చదివినవారు కూడా మన బడివారే అయి ఉంటారు.

అసలు చిక్కు ఆ హావ్‌తోనే అనిపిస్తుంది. తెలుగులో హావ్‌కు సాటి వచ్చే క్రియ లేదు. నాకు ఇల్లు ఉంది అంటాం, ఇల్లే కర్త, మనం పక్కన నిలబడతాం. ఇంగ్లీషులో ఈ హావ్ వాక్యాలు పుట్టింది ‘రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది’ లాంటి మాటల నుంచేనట. అదే క్రమంగా ‘ఉత్తరం రాశాను’ అయి కూర్చుంది. మనవాళ్ళు అలాంటి చోట ‘రాసి ఉన్నాను’ అని ఉండు క్రియతోనే సరిపెట్టారు. ఫ్రెంచివాళ్ళు కూడా ‘వెళ్ళు’ దగ్గర ఇప్పటికీ ఉండు క్రియనే వాడతారట. నేను బీన్‌ను ఆ ఇంటి పిల్ల కాదని గెంటేశాను కానీ, చుట్టరికం పాతదే.

హాడ్ గురించి నీకు చెప్పనక్కరలేదు. ‘ది పేషెంట్ హాడ్ డైడ్ బిఫోర్ ది డాక్టర్ కేమ్’, వైద్యుడు వచ్చేసరికి రోగి చనిపోయాడు! మా అమ్మాయి నోటుపుస్తకంలోనూ అదే రోగి, అదే వైద్యుడు. మన కాలం నుంచి పాపం ఆయన ప్రాణం పోతూనే ఉంది, ఈయన ఆలస్యంగా వస్తూనే ఉన్నాడు. తమాషా ఏమిటంటే, వాక్యంలో బిఫోర్ ఉంటే ఏది ముందో అదే చెప్పేస్తుంది, హాడ్ లేకపోయినా కొంప మునగదు.

ఇక విల్ హావ్ అంటావా, అది మనకు పుట్టుకతో వచ్చిన విద్య. రైలు కోసం ఎదురుచూస్తూ ‘ఈపాటికి సింగరాయకొండ దాటి ఉంటుంది’ అనని మనిషి మన వైపు ఉన్నాడా? ఆ ‘ఉంటుంది’ అచ్చంగా విల్ హావ్. ఊహకూ పనికొస్తుంది, రాబోయే కాలానికీ పనికొస్తుంది, ఇంగ్లీషులోనూ అంతే.

నిన్న కొచ్చి ఆయన మళ్ళీ ఫోను చేశారు. యజమాని నెల్లూరు వెళ్ళి వచ్చి పక్కనే కుర్చీలో ఉన్నారు. నాకు బీన్ నోటిదాకా వచ్చింది కానీ గుండె చాలలేదు. మాట్లాడకుండా ఫోను ఆయన చేతిలో పెట్టేశాను.

వచ్చే ఆదివారం పినాకిని రైలు ఎక్కి రా. ఒంగోలు నుంచి ఎంత దూరమని! వచ్చేటప్పుడు మన ఏడో తరగతి గ్రామరు నోటుపుస్తకం దొరుకుతుందేమో చూడు, నువ్వు ఏదీ పారేయవు కదా. చెల్లెమ్మకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. మా ఆవిడ బజారు నుంచి వచ్చింది, చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. సంచి అందుకోవాలి.

ఉంటాను,
నీ
శీనయ్య