కరెంటు పోలేదండీ, సినిమా చూశాం

శనివారం రాత్రి మా టైలరింగ్ షాపుకి వచ్చి వెనక్కి వెళ్ళినవాళ్ళందరికీ ముందు నిజం చెప్పేస్తాను. ఆ రోజు కరెంటు పోలేదు. షట్టరు సగానికి దించి, లోపల నేనూ, మా కటింగ్ మాస్టరూ, కాజాలు కుట్టే కుర్రాడూ సినిమా చూస్తున్నాం. "కరెంటు లేదండీ, రేపు రండి" అని షట్టరు కింద నుంచి అన్నది నేనే. ఒకావిడైతే "కరెంటు లేకపోతే లోపల ఆ కేకలేంటి?" అని అడిగారు కూడా, ఏం చెప్పాలో తోచక ఇన్వర్టర్ అనేశాను. క్షమించాలి మేడమ్. ఆ కేక సినిమాలో ఇంటి ఓనరమ్మది.

సినిమా పేరు కుంగ్ ఫూ హసిల్. 2004లో హాంకాంగ్ నటుడు స్టీఫెన్ చౌ తనే డైరెక్ట్ చేసి, తనే హీరోగా వేశాడు. మా కుర్రాడు ఫోన్లో ఒక ముక్క చూపించి "అన్నా, ఇందులో టైలరు ఉన్నాడు" అన్నాడు. పది నిమిషాలు చూసి ఆపేద్దామనుకున్నాం. అంతే, మొత్తం అయ్యేదాకా ఒక్కడూ సూది పట్టలేదు.

కథ పాతకాలపు షాంఘైలో. గొడ్డళ్ళు పట్టుకు తిరిగే రౌడీ ముఠా ఒకటి ఊరినంతా భయపెడుతుంటే, పందుల దొడ్డి అని పేరున్న ఒక పేద వాడ జోలికి మాత్రం ఎవరూ పోరు, ఎందుకంటే అక్కడ దోచుకోవడానికి ఏమీ లేదు. ఆ వాడలో అద్దెకుండే ముగ్గురు, ఒక కూలీ, పిండివంటలమ్మే ఒకాయన, ఒక టైలరు, తమ విద్య దాచుకుని బతుకుతున్న కుంగ్‌ఫూ మాస్టర్లు. ముఠా వచ్చి జనాన్ని బెదిరించేసరికి ముగ్గురి విద్యా బయటపడుతుంది. టైలరు మనిషి సుకుమారం, మాట మెత్తన, చూస్తే నవ్వొస్తుంది, తీరా రెండు చేతులకూ ఇనప కడియాలు ఎక్కించాక ఆ చేతులతో కొట్టే దెబ్బ ఒక్కోటీ గంట మోగినట్టు వినిపిస్తుంది. ఆ వేషం వేసిన చియు చి లింగ్ నిజజీవితంలో కూడా హంగ్ గా అనే దక్షిణ చైనా యుద్ధవిద్య నేర్పే గురువు. అందుకే ఆ చేతుల్లో నటన కన్నా అలవాటు ఎక్కువ కనిపిస్తుంది.

మన కుట్టుపనిలో కూడా కత్తెర పట్టేవాడిని మాస్టరనే అంటాం కదా. ఆ ఫైటు అయ్యేసరికి మా మాస్టరు మెడలో టేపు సర్దుకుని "చూశావా" అన్నట్టు నా వంక చూశాడు. అప్పటినుంచి ఆల్టరేషన్ పనులు చెబితే కొంచెం బిగుస్తున్నాడు, మీరు కూడా చూసీ చూడనట్టు పోనివ్వండి.

నవ్వంటే మాత్రం కత్తుల సీనుదే. హీరో సింగ్, వాడి లావుపాటి ఫ్రెండు ఆ వాడ ఇళ్ళ ఓనరమ్మని చంపుదామని కిటికీ దగ్గర నక్కుతారు. సింగ్ విసిరిన కత్తి దేనికో తగిలి తిరిగొచ్చి వాడి భుజంలోనే దిగుతుంది. సరే నేను వేస్తానని ఫ్రెండు విసిరితే అదీ సింగ్‌కే. అక్కడితో ఆగిందా అంటే లేదు, పాముల బుట్ట మీద పడుతుంది, ఈల వేస్తే ఊరుకుంటాయని ఫ్రెండు సలహా, వీడు మూతి సున్నాలా చుట్టగానే సరిగ్గా పెదాల మీదే కాటు. మా కుర్రాడు నవ్వి నవ్వి స్టూలు మీంచి జారాడు. తర్వాత ఓనరమ్మ వాణ్ణి తరుముతుంటే ఇద్దరి కాళ్ళూ కార్టూన్ బొమ్మల్లో లాగా చక్రాలై తిరుగుతాయి.

ఓనరమ్మ గురించి ఇంకా చెప్పాలి. జుట్టుకి రోలర్లు, పెదవికి అంటుకున్న సిగరెట్టు, కాళ్ళకి చెప్పులు, నైటీ లాంటి గౌను, నోరు విప్పితే తిట్టే. ఆమె గుండెల నిండా గాలి పీల్చి అరిస్తే ఎదుటివాడి బట్టలు చిరిగిపోతాయి, దాన్నే సింహగర్జన అంటారు. ఆవిడ యుయెన్ చియు, మొగుడుగా వేసినాయన యుయెన్ వా, ఇద్దరూ చిన్నప్పుడు ఒకే గురువు దగ్గర పెకింగ్ ఒపేరా అనే చైనా నాటకవిద్య నేర్చుకున్నవాళ్ళు. 1973లో ఎంటర్ ద డ్రాగన్‌లో బ్రూస్‌లీకి బదులు పల్టీలు కొట్టింది ఈ యుయెన్ వాయే. అది తెలిశాక ఆ బక్క మనిషి భార్య దగ్గర దెబ్బలు తింటుంటే ఇంకా నవ్వొచ్చింది.

ముఠా నల్ల సూట్లు, టోపీలు వేసుకుని గొడ్డళ్ళతో డాన్సు చేసే చోట మా మాస్టరు మూడుసార్లు వెనక్కి తిప్పించాడు. అంతమంది కోట్లూ భుజం దగ్గర ఒకేలా కూర్చున్నాయట. నాకైతే చివరి అరగంట కొంచెం తగ్గింది. ఆకాశంలోంచి అరచెయ్యి దిగే ఆ గ్రాఫిక్సు కన్నా, అంతకుముందు బనీనూ నిక్కరూ చెప్పులతో ఉన్న విలను తన తలకే పిస్తోలు పెట్టుకుని కాల్చి, తూటాని రెండు వేళ్ళతో పట్టుకోవడం బాగుంది. ఆ టైలరు చచ్చిపోయిన సీను దగ్గర మాత్రం మేం ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇక పని సంగతి. సోమవారం ఇస్తానన్నవి పదకొండు బ్లౌజులు. అందులో ఏడు అయ్యాయి, నాలుగు ఇంకా లైనింగ్ దగ్గరే ఉన్నాయి, గురువారం సాయంత్రానికి ఇచ్చేస్తాను. వంకాయ రంగు బ్లౌజు ఇచ్చినావిడకి విడిగా చెప్పాలి: ఆదివారం పొద్దున కుర్రాడు సింహగర్జన ప్రాక్టీసు చేస్తూ మీ బ్లౌజుకి రెండూ ఎడమ చేతులే వేశాడు. మిగిలిన గుడ్డలో ఒక చెయ్యి వస్తుందని మాస్టరు కొలిచి చూశాడు, అదే రంగు, అదే అంచు, అతుకు కనపడదు. చూశాక నచ్చకపోతే కుట్టుకూలి ఇవ్వొద్దు. ఫాల్, పీకోకి ఇచ్చిన చీరలు మాత్రం అన్నీ రెడీ, ఎప్పుడైనా తీసుకెళ్ళొచ్చు.

చీటీలు తెచ్చుకోండి. ఇంకో మాట, ఆది బ్లౌజులు రెండు ఎవరివో నా దగ్గర ఉండిపోయాయి, ఒకటి ఆకుపచ్చది, ఒకటి చుక్కలది, మీవైతే చెప్పండి.