తాబేలును ఎక్కడ అప్పగించాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. మా అపార్టుమెంటులో అద్దెకున్న ఒక కుటుంబం గత వర్షాకాలంలో బదిలీపై ఊరు విడిచి వెళ్తూ, తమ పిల్లవాడు పెంచుకుంటున్న తాబేలును ప్లాస్టిక్ తొట్టెతో సహా మా వాచ్‌మన్‌ చేతిలో పెట్టి వెళ్లింది. కొన్ననాడు అది రూపాయి బిళ్లంత ఉండేదట. నా దగ్గరకు వచ్చేసరికి టిఫిన్ పళ్లెమంత అయింది. కంటి వెనుక ఎర్రని చార ఉండే ఈ తాబేలును అక్వేరియం దుకాణాల వారు రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. దాన్ని సరైన చోటికి చేర్చాలని మూడు కార్యాలయాలకు ఫోన్ చేశాను. ఒకచోట అది మన దేశపు వన్యప్రాణి కాదు కనుక తమ పరిధిలోకి రాదన్నారు. రెండోచోట ఎవరిని అడగాలో తమకూ తెలియదన్నారు. మూడోచోట మాట్లాడినాయన, మంచి మనసుతోనే, దగ్గర్లో ఉన్న చెరువులో వదిలేయమన్నారు. ఈ లేఖ రాయడానికి నన్ను పురికొల్పింది ఆ మూడో సలహాయే.

ఈ తాబేలు పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ పరీవాహక ప్రాంతం. పెరిగితే దాదాపు అడుగు పొడవు ఉంటుంది, ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది, మొక్కలు, చేపలు, కప్పల గుడ్లు అని చూడకుండా అన్నీ తింటుంది. ఎండ కాచుకునే రాళ్లను, దుంగలను ఆక్రమించి అక్కడి తాబేళ్లను పక్కకు నెడుతుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో దీనికి చోటు దక్కింది. ముడసర్లోవ, మేహాద్రిగెడ్డ వంటి జలాశయాల మీద మన విశాఖ నగరం తాగునీటికి ఆధారపడుతోంది; అక్కడి నీటిలో మన సొంత జీవులు ఉన్నాయి. దయతలచి వదిలామనుకునే ఒక్కొక్క తాబేలూ వాటి తిండిలో వాటాకు వస్తుంది. పిల్లల ఆరోగ్యం సంగతి వేరే ఉంది. చిన్న తాబేళ్ల వల్ల పిల్లలకు సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకుతోందని గుర్తించి, నాలుగు అంగుళాల లోపు డొప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లోనే నిషేధించింది. అంతకంటే చిన్నవే మనవాళ్లు పుట్టినరోజు కానుకలుగా కొనిపెడుతున్నారు.

ఇక చట్టం విషయానికి వస్తే, మన ప్రజల్లో చాలామందికి తెలియని తేడా ఒకటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన దేశపు రక్షిత జీవులను ఇంట్లో పెంచుకోవడమే నేరం. రామచిలుకను 2018లో మన రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నాం. అయినా చిలకజోస్యం చెప్పేవారి పంజరంలోనూ, వరండాల్లో వేలాడే పంజరాల్లోనూ రెక్కలు కత్తిరించిన రామచిలుకలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. అదృష్టం కలిసివస్తుందని కొందరు దాచుకునే నక్షత్ర తాబేలు రాయలసీమ మెట్ట పొదల్లో తిరిగే జీవి. దాన్ని ఇప్పుడు చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానమైన రక్షణలో చేర్చారు. ఆ షెడ్యూలులోని జీవుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడుతుంది.

విదేశీ జీవుల లెక్క వేరు. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ జాబితాలోని జీవులను నాలుగో షెడ్యూలులో చేర్చి, వాటిని కలిగి ఉన్నవారు నమోదు చేయించుకోవాలని అది నిర్దేశించింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాలు ఇందుకు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌ను చూపించి ఆరు నెలల గడువిచ్చాయి. మకావ్‌లు, ఆఫ్రికన్ గ్రే చిలుకలు, ఇగ్వానాలు, బాల్ పైథాన్లు ఈ కోవలోకి వస్తాయి. లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మే బడ్జరిగర్లు మాత్రం రావు. దుకాణంలో కొన్న రసీదు ఉంటే చాలని చాలామంది నమ్ముతున్నారు. నమోదు లేకుండా ఆ రసీదు వారిని కాపాడదు.

నా ఉద్దేశంలో, చట్టంలో లోటు కంటే ఆచరణలో లోటే పెద్దది. చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం రక్షిత వన్యప్రాణి ఏదైనా తమ చేతికి వచ్చినవారు 48 గంటల్లోగా సమీప పోలీసు స్టేషనుకు గానీ అధీకృత అధికారికి గానీ తెలియజేయాలి. ఏళ్ల క్రితం తెలియక చిలుకను తెచ్చుకుని, ఇప్పుడు తెలుసుకుని భయపడుతున్న వృద్ధురాలు ఏం చేయాలి? చెబితే కేసు పెడతారేమోనన్న అనుమానంతో, రెక్కలు లేని పక్షిని చీకట్లో ఏ చెట్టు మీదో వదిలేస్తారు. తెల్లారేసరికి అది కాకులకో పిల్లులకో ఆహారమవుతుంది. వ్యాపారం చేసేవారిని వదలమని నేను అనడం లేదు, వారి మీద కఠినంగానే ఉండాలి. తానుగా వచ్చి అప్పగించేవారి విషయంలో అటవీ శాఖ ఏ వైఖరి తీసుకుంటుందో రాతపూర్వకంగా ప్రకటిస్తే, దాచిపెట్టిన ప్రాణులు ఎన్నో బయటకు వస్తాయి.

ఇలాంటి జీవులన్నీ జూకే చేర్చాలని నా మిత్రులు సలహా ఇస్తుంటారు. 1977లో ఏర్పడి, కంబాలకొండ అటవీ ప్రాంతంలో సుమారు 625 ఎకరాల్లో విస్తరించిన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల మనకు గర్వకారణం. అడవి కుక్కల సంరక్షిత ప్రత్యుత్పత్తి వంటి ఓర్పుతో కూడిన పని అక్కడ జరుగుతోంది. అయితే ఏ జూ అయినా కేంద్ర జూ ప్రాధికార సంస్థ నియమాలకు లోబడి నడవాలి. ఏ వ్యాధి ఉందో, ఎక్కడ పుట్టిందో తెలియని ప్రాణిని గేటు దగ్గర తీసుకుని ఉన్న జంతువుల పక్కన చేర్చడం వాటికే ప్రమాదం.

అందుచేత అటవీ శాఖ, నగరపాలక సంస్థ, పశుసంవర్ధక శాఖ కలిసి విశాఖలో ఒక స్వీకరణ కేంద్రాన్ని ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. అందులో క్వారంటైన్ గదులు, పశువైద్యుడు, అన్ని రోజులూ పలికే ఒక ఫోన్ నంబరు ఉండాలి. మన దేశపు జీవి అయినా విదేశీ జీవి అయినా ముందు స్వీకరించి, ఆ తర్వాత జాతిని, చట్టపు స్థితిని తేల్చాలి. స్లైడర్ తాబేలు వంటివి రక్షిత జాబితాలో లేవన్న కారణంతో వదిలేయరాదు. ఆక్రమణ జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, పెంపకాన్ని నియంత్రించే అధికారాన్ని అదే 2022 సవరణ కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది కనుక, ఈ తాబేలు అమ్మకాన్ని నిషేధించాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి లేఖ రాయవచ్చు. ఈలోగా అక్వేరియం దుకాణాల వారు అమ్మే ప్రతి జీవి ఎంత పెరుగుతుందో, ఎన్నేళ్లు బతుకుతుందో తెలుగులో రాసి తొట్టె మీద అంటించేలా నగరపాలక సంస్థ లైసెన్సులో షరతు పెట్టాలి. ముప్పై ఏళ్లు సాకాలని ముందే చదివితే ఆ కుటుంబం దాన్ని కొని ఉండేది కాదని నా నమ్మకం.

ఆ తాబేలు ప్రస్తుతం మా డాబా మీది సిమెంటు తొట్టెలో ఉంది. నీళ్లు రోజు విడిచి రోజు మారుస్తున్నాను. బాధ్యత గల అధికారి ఎవరైనా ఈ లేఖ చదివి, మీ పత్రిక ద్వారా ఒక చిరునామా తెలియజేస్తే, నేనే స్వయంగా తీసుకువెళ్లి అప్పగిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం